నీటిపద్దు: సింగపూరు ద్వీపపు కథ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు గ్రంథములను గూర్చి పలుకక, నీటిని గూర్చియు మురుగును గూర్చియు పలుకుట ఏమని కొందరికి తోచవచ్చును. మన పెద్దలు సప్తసంతానములను లెక్కించునపుడు కావ్యమును, తటాకమును ఒకే పంక్తిలో కూర్చుండబెట్టిరి. కృతినందినవాడును, చెరువు త్రవ్వించినవాడును సమానముగ పేరు నిలుపుకొందురని వారి తలంపు. కనుక విషయము పండుగకు తగినదే. అయితే చెప్పబోవునది మన చెరువు కథ గాదు. సముద్రము నడుమ నున్న సింగపూరు ద్వీపమున నీటిని, మురుగును ఒకే చేతిలో పెట్టుకొని నడపుచున్న ఒక ప్రభుత్వ సంస్థ కథ. దాని పేరు పబ్లిక్ యుటిలిటీస్ బోర్డు. అక్కడివారు పొడి అక్షరములతో పి.యు.బి. అందురు.

సింగపూరు వైశాల్యము సుమారు 730 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 60 లక్షలకు మించినది. వానకు లోటులేదు. ఏటికి సుమారు 2,400 మిల్లీమీటర్లు కురియును. అది మన ఆంధ్రదేశపు సగటు వర్షపాతమునకు రెండింతలకు పైమాట. మరి కొరత ఎక్కడ? నిలుపుకొనుటకు చోటులేదు. పడిన చినుకు గంటలలో సముద్రమును జేరును. చెప్పుకొనదగిన పెద్దనది లేదు, సహజమైన సరస్సు లేదు, భూగర్భజలమును స్వల్పము. ఆకాశము ఉదారముగ నిచ్చినను భూమి దోసిలి పట్టలేని చోటది.

ఇక్కడ మన సీమలోని ఒక శాసనము జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. విజయనగర ప్రభువైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువు కట్టించెను. మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము ఏకరువు పెట్టినది. కట్టనుండి నీరు కారుట యొక దోషము. చవుటినేల యొక దోషము. రెండు రాజ్యముల పొలిమేరలో చెరువుండుట మరియొక దోషము. సింగపూరు నీటికథను చదివినవారికి, ఈ దోషములను వ్రాసిన పండితుడు ఆ ద్వీపమును చూచియే వ్రాసెనా యనిపించును. ఈ మూడును ఆ ద్వీపమునకు పట్టుకొన్నవి. వానిలో పొలిమేర దోషమే అన్నిటికన్న బరువైనది.

తొలుత బావులు, ఊటలు ఉండెడివి. ఎడ్లబండ్లపై నీరు తెచ్చి అమ్మెడివారు. ఆ నగరమున నేటికిని క్రేటా ఆయర్ అను పేట కలదు. మలయు భాషలో ఆ మాటకు నీటిబండి యని అర్థము. చీనావారును ఆ పేటను ఎద్దుబండి నీరను అర్థము వచ్చు మాటతోనే పిలుతురు. 1857లో టాన్ కిమ్ సెంగ్ అను చీనా వర్తకుడు నగరమునకు మంచినీరు తెప్పించుటకై 13,000 డాలర్లు దానమిచ్చెను. జలాశయము 1868 నాటికి పూర్తియైనది గాని, నీటిని తోడి ఊరికి పంచు యంత్రములు, గొట్టములు 1878 వరకు సిద్ధము కాలేదు. దాత 1864లోనే మరణించెను. ఇచ్చిన సొమ్ము లోపభూయిష్టమైన పనులలో చాలవరకు కరిగిపోయెనని చెప్పుదురు. 1882లో ఆయన జ్ఞాపకార్థము నగరపాలకులు ఒక చక్కని ఫౌంటెను కట్టించిరి. దాహమునకిచ్చిన ధనము దాహము తీర్చుటకు ముందే ఖర్చు వ్రాయబడి, దాతకు మాత్రము శిలాఫలకము దక్కుట ఒక్క సింగపూరు వింత గాదు.

జనము పెరుగుకొలది ద్వీపములోని జలాశయములు చాలకపోయెను. ఉత్తరమున చిన్న జలసంధి కావల జొహోరు రాజ్యము కలదు. 1927లో జొహోరు సుల్తానుతో ఒప్పందము జరిగి, గూనాంగ్ పులై కొండల నీరు 1932 నుండి గొట్టముల ద్వారా సింగపూరు చేరసాగెను. ఆ గొట్టము జలసంధిపై కట్టిన రాతిదారి వెంట వచ్చును. పొలిమేర దోషము అప్పుడే నాటుకొన్నది. దాని ఫలము పది సంవత్సరములలో కనుపించెను. 1942 జనవరి 31న, జపానుసేన తరుముకొని రాగా, వెనుదీయుచున్న బ్రిటిషువారు శత్రువును ఆపుటకై ఆ దారిని తామే ప్రేల్చివేసిరి. దారితోబాటు నీటిగొట్టమును తెగెను. తరువాత శత్రువు ద్వీపమున దిగి జలాశయములను పట్టుకొనెను. బాంబులకు నగరములోని గొట్టములు పగిలి నీరు వీధులపాలయ్యెను. శరణార్థులతో క్రిక్కిరిసిన నగరమునకు త్రాగునీరు కరవయ్యెను. ఫిబ్రవరి 15న సేనాని పెర్సివల్ లొంగిపోయెను. లొంగుబాటునకు చెప్పబడిన కారణములలో నీరు ముఖ్యమైనది. ఆనాడు బందీలైనవారిలో వేలకొలది భారతీయ సైనికులుండిరి. ఆజాద్ హింద్ ఫౌజులో చేరినవారనేకులు వారిలోనివారే. దుర్గమునకు ఎన్ని ఫిరంగులున్నను నీరు లేకున్న నిలువదని మన రాజనీతి గ్రంథములు చెప్పినమాటను ఆ దొరలు చదివియుండరు.

పి.యు.బి. 1963 మే 1వ తేదీన పుట్టినది. అప్పుడు దానికి విద్యుత్తు, గ్యాసు, నీరు అను మూడు బాధ్యతలుండెను. పుట్టిననాటికే ఊరిలో కరవు. అదే ఏప్రిల్ 23 మొదలు 1964 ఫిబ్రవరి కడవరకు, పదినెలలపాటు, నీరు వంతులవారీగ ఇచ్చిరి. కొళాయిల యొద్ద బిందెల బారులు తీరెను. 1961లోను, 1962లోను జొహోరుతో మరి రెండు ఒప్పందములు జరిగియుండెను. మొదటిది 2011లో ముగిసినది. రెండవది 2061 వరకు అమలులో నుండును. దాని ప్రకారము జొహోరు నదినుండి దినమునకు 25 కోట్ల గాలన్ల వరకు నీరు తీసికొనవచ్చును. వేయి గాలన్లకు వెల మూడు సెన్నులు. సెన్నన మలేషియా రూపాయియైన రింగిట్టులో నూరవ వంతు. సింగపూరు శుద్ధిచేసిన నీటిలో కొంత తిరిగి జొహోరునకు వేయి గాలన్లు ఏబది సెన్నుల చొప్పున ఇచ్చును.

1965 ఆగస్టు 9న సింగపూరు మలేషియానుండి వేరుపడి స్వతంత్ర రాజ్యమయ్యెను. అన్నదమ్ములు వేరుపడినపుడు బావి ఒకరి వాటాలో, ఇల్లొకరి వాటాలో పడినట్లయినది. విడిపోవు ఒప్పందములోనే నీటి ఒప్పందములకు హామీ వ్రాయబడి, అది ఐక్యరాజ్యసమితిలో నమోదు చేయబడెను. అయినను మాట పట్టింపులు ఆగలేదు. మూడు సెన్నుల వెల మరీ అన్యాయమని మలేషియావారి వాదము. శుద్ధిచేయుటకు ఏబది సెన్నులకు మించి వ్యయమగుచున్నదనియు, ఆ నష్టమును తామే భరించుచున్నామనియు, వెల సవరించు హక్కు 1987లో నుండగా మలేషియా వినియోగించుకొనలేదనియు సింగపూరువారి వాదము. 2018లో మలేషియా ప్రధాని మహతీర్ మరల ఈ తగవును పైకెత్తెను. పత్రమును చూచినచో సింగపూరుది న్యాయముగ తోచును. అరువది యేండ్లనాటి వెలను చూచినచో జొహోరువాని కడుపుమంటయు నిజమే. పత్రమును వ్రాసినవారు కాలముతోబాటు వెల మారు ఏర్పాటును గట్టిగ వ్రాసియుండిన ఇంత రచ్చ యుండకపోవును. నది కూడ ఎల్లప్పుడు ఒప్పందమును చదువుకొని పారదు. ఆ నదిపైనున్న లింగ్యూ జలాశయము 2016 అక్టోబరులో అయిదవ వంతునకు పడిపోయెను.

ఇంతవరకు నీరు వచ్చు దారి. నీరు పోవు దారిని మాటాడుటకు సభలలో ఎవరికిని మనసొప్పదు. భగీరథుడు గంగను తెచ్చిన కథ అందరికిని కంఠస్థమే. ఆ గంగలో స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు ఎటు పోయెనో అడిగినవారు లేరు. కాని గ్రామమునకు కొళాయి వచ్చిన మరునాటినుండి ఆ ప్రశ్న వీధిలో నిలుచుండును. ఇంటిలోనికి నాలుగు బిందెల నీరు వచ్చినచో ఇంచుమించు నాలుగు బిందెల మురుగు బయటికి వచ్చును. ఈ జమకు ఆ ఖర్చు వ్రాయని పద్దు పద్దే కాదు.

సింగపూరున చిరకాలము ఇండ్లలోని మలమును బాల్చీలలో ఎత్తుకొనిపోవు ఆచారముండెను. రాత్రివేళ మనుష్యులు కావడి వేసికొని ఇంటింటికి తిరిగి, పూర్ణమైన బాల్చీని తీసి ఖాళీదానిని పెట్టెడివారు. నగరమధ్యమున భూగర్భపు మురుగుకాలువలు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలోనే వచ్చినను, పేదపేటలకును, పల్లెలకును అవి చేరలేదు. ఎత్తైన మేడలు కట్టి జనులను వానిలోనికి మార్చుకొలది మురుగుకాలువలు వ్యాపించెను. ఆకాశమునంటు భవనములు లేచుచున్న ఆ నగరమున కట్టకడపటి బాల్చీ ఎత్తుట 1987 జనవరిలో గాని ఆగలేదు. ధనికనగరమునకు ఇన్నాళ్లు పట్టెను. మన దేశమున ఈ పనిని మనుష్యులచే చేయించరాదని 1993లో నొక శాసనము, 2013లో మరియొక శాసనము వచ్చెను. శాసనము వ్రాయుట ఒక పని. ఆ మనుష్యుని చేతిలోని బాల్చీకి బదులు భూమిలో గొట్టము వేయుట మరియొక పని. సింగపూరు రెండవ పనిని నేలలో చేసి చూపినది.

1977 ఫిబ్రవరిలో ఎగువ పీయర్స్ జలాశయపు ప్రారంభసభలో ప్రధాని లీ క్వాన్ యూ అధికారులకు ఒక గడువు పెట్టెను. పదేండ్లలో సింగపూరు నదియు, కల్లంగ్ పరీవాహకమును శుభ్రపడి చేపలు తిరుగవలెనని ఆయన కోరెను. ఆనాటి ఆ నది నల్లగ, దుర్గంధముతో నుండెడిది. దాని మురుగంతయు ఒక్కచోటినుండి వచ్చునది గాదు. 600కు మించిన పందుల పెంపకశాలలు, బాతుల శాలలు, వీధిలో వండి అమ్మువారు, పడవలు బాగుచేయు చోట్లు, మురుగుకాలువ లేని గుడిసెలు, అన్నియు కలిసిన ఫలమది. సుమారు 26,000 కుటుంబములను వేరు ఇండ్లలోనికి మార్చిరి. వీధి వంటవారికి నీరు, మురుగు వసతియున్న అంగడిశాలలు కట్టియిచ్చిరి. 800కు మించిన సరుకు పడవలను 1983లో వేరు రేవునకు తరలించిరి. 1987 నాటికి నది తేటపడెను. పనిచేసిన ముఖ్యులకు బంగారు పతకములిచ్చిరి.

ఈ ఘట్టమును పొగడువారు ఒక విషయమును తొందరగ దాటుదురు. పందులు మేపుకొని బ్రదికినవాడు తరువాత ఏమయ్యెను? కొంత పరిహారము దొరకెను, మేడలో ఇల్లు దొరకెను. తాతనాటి వృత్తి పోయెను. నదిలో పుట్టి నదిపై సరుకు మోసిన పడవవారికి ఆ తేటనీటిపై పనిలేకపోయెను. నది శుభ్రపడినందున నగరమునకంతటికి మేలు కలిగినది. దానికి మూల్యము మాత్రము కొన్ని వీధులవారే హెచ్చుగ చెల్లించిరి.

2001 ఏప్రిల్ 1న అసలైన మార్పు జరిగినది. విద్యుత్తు, గ్యాసు పర్యవేక్షణ పి.యు.బి.నుండి తీసివేసి, పర్యావరణ శాఖ చేతిలోనున్న మురుగుకాలువలను, వాననీటి కాలువలను దానికి అప్పగించిరి. అంతవరకు మంచినీరు ఒక కచేరీ, మురుగు మరియొక కచేరీ. ఒకరికి మురుగనునది వదిలించుకొనవలసిన పీడ. ఇంకొకరికి నీరనునది ఎక్కడనుండియో తెచ్చుకొనవలసిన సరుకు. రెండు దస్త్రములు ఒకే బల్లమీదికి వచ్చినపుడు, ఒకని పీడయే రెండవవాని సరుకని తేలెను.

మురుగును శుద్ధిచేసి త్రాగునీటి ప్రమాణమునకు తెచ్చు యోచన కొత్తది గాదు. 1974లో అక్కడ ఒక చిన్న యంత్రశాల పెట్టి, ఖర్చు హెచ్చనియు, నమ్మకము చాలదనియు మరుసటి ఏటనే మూసివేసిరి. అటుపై పొరల తయారీ మెరుగుపడి వెల తగ్గెను. 2000లో బెడోక్ అనుచోట ప్రయోగశాల నెలకొల్పి, రెండేండ్లు పరీక్షించి, 2003 ఫిబ్రవరిలో న్యూవాటర్ అను పేరున ఆ నీటిని పంపిణీకి తెచ్చిరి. పద్ధతి యిది. మామూలుగ శుద్ధిచేసిన మురుగునీటిని ముందు సన్నని రంధ్రములుగల పొరలద్వారా వడకట్టుదురు. మట్టి, క్రిములు అక్కడ ఆగును. తరువాత గట్టి ఒత్తిడితో మరియొక పొరకు నెట్టుదురు. దాని రంధ్రములగుండ నీటి అణువులు దూరునుగాని, కరిగియున్న ఉప్పులు, మందులు, సూక్ష్మవిషములు దాదాపు దూరలేవు. కడపట అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేయుదురు. ఇట్లు వచ్చిన నీరు ఎంత నిర్మలమనగా, దానిలో హెచ్చుభాగమును విద్యుత్ పరికరముల సూక్ష్మఫలకములు చేయు కర్మాగారములే కొనుచున్నవి. ఎండకాలమున కొంతభాగమును జలాశయములలో కలిపి, మరల శుద్ధిచేసి, కొళాయిలకు వదలుదురు.

యంత్రము తేలిక, మనసు కష్టము. 2002 ఆగస్టు 9న జాతీయోత్సవమున 60,000 సీసాల న్యూవాటర్ పంచిరి. ప్రధాని గో చోక్ తాంగ్ మొదలు జనమంతయు సీసాలెత్తి త్రాగిరి. మాటలను కూడ మార్చిరి. మురుగునీరు అనుటకు బదులు వాడిననీరు అనియు, మురుగుశుద్ధి కేంద్రము అనుటకు బదులు నీటి పునరుద్ధరణ కేంద్రము అనియు వ్రాయసాగిరి. ఇది కంటికి కప్పిన గంత యని అనువారును కలరు. అయినను పేరునకు బలము కలదు. ఏ నదిలోనైనను ఎగువ ఊరు వదలినదానినే దిగువ ఊరు త్రాగుచున్నది. దానిని మనము నది యనుచున్నాము గనుక దోసిలి పట్టుచున్నాము.

సగరపుత్రులు పాతాళమువరకు భూమిని త్రవ్విరందురు. ఈ సంస్థయు అంతపని చేసినది. 2008 నాటికి 48 కిలోమీటర్ల పొడవున, భూమికి ఇరువది మొదలు ఏబదియైదు మీటర్ల లోతున ఒక సొరంగము త్రవ్వించి, ద్వీపపు ఉత్తర, తూర్పు భాగముల మురుగును చాంగిలోని ఒకే పెద్దశాలకు పారించిరి. సొరంగము వాలుగ నుండుటచే మురుగు తనంత తాను పోవును. నడుమ తోడు యంత్రములు తగ్గినవి, పాత శుద్ధిశాలలు మూతపడి విలువైన నేల మిగిలినది. పడమటి భాగపు సొరంగముల త్రవ్వకము 2023లో ముగిసినది. అదే 2008లో మరీనా బరాజును ప్రారంభించిరి. నదీముఖమున 350 మీటర్ల అడ్డుకట్ట, తొమ్మిది తలుపులు. లోపలి ఉప్పునీరు వానలతో క్రమముగ కడుగబడి 2010 నాటికి మంచినీటి జలాశయమయ్యెను. చవుటి దోషము ఆ విధముగ తీరినది. ద్వీపములో ఆరవవంతు నేలపై పడిన వాన ఆ జలాశయమునకు చేరును. వీధి, మేడ, అంగడి అన్నియు దాని పరీవాహకమే. 1977నాటి నది శుభ్రత లేకున్న ఈ బరాజు వెనుక నిలుచునది మురుగుకుంటయే.

కట్టనుండి నీరు కారు దోషము మాత్రము అన్ని ఊళ్లలోను కనబడనిది. 1980ల చివర ఆ సంస్థ పంపిన నీటిలో లెక్కకు చిక్కనిది నూటికి పదిపాళ్లు. పాతగొట్టములను మార్చి, ప్రతి కొళాయికి మీటరుపెట్టి, రాత్రివేళ చప్పుడు విని కారుచోట్లు పట్టి, 2000 దశాబ్దమున దానిని అయిదుపాళ్ల ప్రాంతమునకు తెచ్చిరి. పతకములు, బరాజులు అందరికిని కనబడును. పది అయిదగుటలోని కష్టము పద్దు వ్రాయువానికే తెలియును.

ఇక వెల. అక్కడ నీరు ఉచితము గాదు. 1991నుండి వెలపై పొదుపుపన్ను కూడ కలదు. 2017 మొదలు రెండు విడతలుగ మొత్తము నూటికి ముప్పది పాళ్లు పెంచినపుడు, ఆ నెమ్మదియైన దేశమున సహితము జనము గొణిగిరి. 2025 ఏప్రిల్ నుండి గృహములకు వేయి లీటర్ల వెల, పన్నును మురుగు రుసుమును కలిపి, 3 డాలర్ల 24 సెంట్లు. అది నెలకు 40,000 లీటర్లలోపు వాడకమునకు. మించినచో ఇంకను హెచ్చు. పేదకుటుంబములకు ప్రభుత్వము వేరుగ రాయితీ నిచ్చును గాని, కొళాయి వెల మాత్రము తగ్గించదు. 2003లో మనిషికి దినమునకు 165 లీటర్లుగ నున్న వాడకము 2019కి 141 అయ్యెను. వెలతో పొదుపు నేర్పుట తప్పుగాదు. అయితే రాయితీ అందుటకు ఒక్క నెల ఆలస్యమైనను పేదవాని ఇంట దాహము ఆలస్యము కాదు.

సముద్రపు నీటినుండి ఉప్పు తీయు మొదటిశాల 2005లో తువాస్‌నందు దినమునకు మూడు కోట్ల గాలన్ల శక్తితో నెలకొన్నది. నేడు అట్టివి అయిదు. అగస్త్యుడు సముద్రమును ఒక్క గుక్కలో పానము చేసెనందురు. ఇక్కడ వేయి లీటర్లకు సుమారు మూడున్నర యూనిట్ల విద్యుత్తు కావలెను. ఆ విద్యుత్తులో ఇంచుమించు అంతయు సహజవాయువుతో పుట్టునది, ఆ వాయువు పరదేశములనుండి వచ్చునది. అనగా పొలిమేర దోషము పూర్తిగ తీరలేదు. నీటిగొట్టమునుండి గ్యాసుగొట్టమునకు కొంత మారినది. ఈ మార్గమున ప్రైవేటు పెట్టుబడి కథయు ఒకటి నడచినది. హైఫ్లక్స్ అను కంపెనీ 2013లో పెద్ద ఉప్పుతీతశాల తెరచి, దానితో కలిపి కట్టిన విద్యుత్కేంద్రపు నష్టములలో మునిగెను. సుమారు 34,000 మంది చిన్నమదుపుదార్ల సొమ్ము చిక్కుపడెను. 2019 మేలో పి.యు.బి. ఆ ఉప్పుతీతశాలను స్వయముగ చేతిలోనికి తీసికొనినది. కొళాయిలు ఒక్కనాడును ఆగలేదు. మదుపుదారుల సొమ్ములో హెచ్చుభాగము తిరిగి రాలేదు.

ఒక చోటును గూర్చి చెప్పుట మిగిలినది. ద్వీపమునకు ఈశాన్యమున లొరాంగ్ హలుస్ కలదు. 1987లో ఆగిన ఆ కడపటి బాల్చీలను కుమ్మరించిన చోటదియే. ఊరి చెత్తదిబ్బయు 1999 వరకు అక్కడనే యుండెను. దాని ప్రక్కన సెరంగూన్ నదికి కట్టవేసి 2011లో మంచినీటి జలాశయము చేసిరి. చెత్తదిబ్బనుండి ఊరు చెడునీరు జలాశయములో కలియకుండ అడ్డగించి, తుంగ, జమ్ము పెంచిన మడుగులగుండ పారించి శుభ్రపరచుచున్నారు. సాయంకాలములందు జనులు ఆ జమ్ము నడుమ కాలిబాటన నడచుచుందురు. కావడిమోసినవారి పేర్లు మాత్రము అక్కడ ఏ ఫలకముమీదను లెక్కకెక్కినట్లు చదువలేదు.